ఎవరి ఒళ్లు, ఎవరి మాట

మన ఇళ్లలో పిల్ల పుట్టి ఏడాది నిండక ముందే చెవులు కుట్టిస్తాము. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి, కంసాలిని పిలిపించి, బంగారు తీగ గుచ్చి, కేరుమని ఏడ్చే నోట్లో ఇంత పంచదార వేస్తాము. ఇలవేల్పు గుడిలో పుట్టువెంట్రుకలు తీయిస్తాము. ఆడపిల్ల కాస్త ఎదిగితే ముక్కు కుట్టిస్తాము. వెనుకటి తరం అవ్వల ముంజేతుల మీద ఆకుపచ్చని చుక్కలు, తేలుబొమ్మలు, కొందరికి పెనిమిటి పేరు కూడా ఉండేవి. ఊరూరా తిరిగే ఎరుకల స్త్రీలు సూదులతో పొడిచి పోయేవారు. ఇందులో ఏ ఒక్కదానికీ ఆ ఒంటి యజమానిని ఎవరూ అడగలేదు. పెద్దలు నిర్ణయించినారు, పిల్లలు ఏడ్చినారు, తరువాత అద్దంలో చూసుకుని మురిసినారు. దేవుడిచ్చిన ఒంటికి చిల్లు పెట్టటమేమిటని పురోహితులు గాని, మేనత్తలు గాని అడ్డుపడిన జ్ఞాపకం మాకు లేదు.

ఈ ముచ్చట ఎందుకు ఎత్తినామంటే, బళ్లారి నుంచి ఒక సోదరి మాకు పెద్ద ఉత్తరం రాసినారు. వారి అక్కగారి బిడ్డకు ఇరవైరెండేళ్లు, బెంగుళూరులో ఉద్యోగం. మగబిడ్డగా పెరిగినవాడు. మొదట రెండు చెవులూ కుట్టించుకున్నాడట. పిదప జుట్టు పెంచినాడు, మణికట్టు మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. ఉగాదికి ఇంటికి వచ్చి, తాను ఆడదాన్నని, డాక్టరు పర్యవేక్షణలో మందులు తీసుకుంటున్నానని, డబ్బు కూడిన తరువాత ఆపరేషన్ చేయించుకుంటానని తల్లికి చెప్పినాడు. తల్లి మంచం పట్టినది. తండ్రి గుమ్మం తొక్కవద్దన్నారు. "ఇది పట్నం పిచ్చి కాక మరేమిటి? దేవుడిచ్చిన ఒళ్లు కోసుకునే హక్కు వాడికెవరిచ్చారు?" అని ఆ సోదరి ప్రశ్న. మేము ఆ బిడ్డను "బిడ్డ" అనే అంటాము. కొడుకో కూతురో చెప్పవలసినది ఆ బిడ్డే గాని మేము కాదు.

పట్నం పిచ్చి అన్న మాటకు జవాబు బళ్లారి జిల్లాలోనే ఉన్నది. మంజమ్మ జోగతిగారి పేరు వినని వారు ఆ ప్రాంతంలో అరుదు. జోగతి నృత్యానికి పేరు తెచ్చినవారు. 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షులైనారు. 2021 నవంబరులో పద్మశ్రీ అందుకోవటానికి వెళ్లి, రాష్ట్రపతికి చీర కొంగుతో దిష్టి తీసినారు, పత్రికలన్నీ ఆ బొమ్మ వేసినవి. వారు కూడా మగబిడ్డగా పుట్టి పెరిగినవారే. యవ్వనంలో ఇంటివాళ్లు హొసపేట దగ్గరి హులిగెమ్మ గుడికి తీసుకుపోయి జోగప్ప దీక్ష ఇప్పించినారు. అక్కడ మొలతాడు తెంచి, తాళి, లంగా, రవిక, గాజులు ఇచ్చినారట. తల్లి కొడుకు పోయినాడని గొల్లుమన్నదట. ఇవి మంజమ్మగారు తామే చెప్పుకున్న సంగతులు.

మొలతాడు తెంచటమంటే ఏమిటో తెలుగువాళ్లకు వివరించనక్కరలేదు. పసివాడి నడుముకు నల్లతాడు కట్టిన నాటినుంచి మగవాడి ఒంటి మీద అది ఉంటుంది. ఆ గుడిలో కత్తి లేదు, నెత్తురు లేదు. ఒక తాడు పోయినది, కొన్ని గాజులు వచ్చినవి. అంతటితో ఒక మనిషి ఊరి లెక్కలో వేరే మనిషి అయినది. జోగప్పలలో శస్త్రచికిత్స ఆచారం కాదు. ఎల్లమ్మ ఆవహించినదని నమ్మకం, అదే చాలు. సవదత్తి కొండకు మన తెలుగు కుటుంబాలు కూడా బండ్లు కట్టుకుని వెళ్లినవే గదా, అక్కడ జోగప్పలకు దండం పెట్టి కుంకుమ పెట్టించుకున్నవారు, అదే పని తమ ఇంటి బిడ్డ చేస్తే తలుపు వేస్తారు. గుడి దగ్గర ఒక న్యాయం, గుమ్మం దగ్గర ఒక న్యాయం మాకు పొసగదు.

హిజ్రాల దారి వేరు. అందులో కత్తి ఉన్నది, నెత్తురూ ఉన్నది. వారు దానిని నిర్వాణం అంటారు. పూర్వం వారిలోనే అనుభవం గల ఒక పెద్దమ్మ చేసేది, మత్తుమందు లేదు, దేవి మీద భారం. బతికితే నలభై రోజులు గది దాటకుండా పత్యం. నలభయ్యోనాడు పసుపు, కొత్త చీర, పూజ. గుజరాతులోని బహుచరా మాత వారి ఇలవేల్పు. ఆ నలభై రోజులూ వేన్నీళ్లు కాచటం, పత్యం వండి పెట్టటం, పుండు కడగటం గురువు ఇంటి పని. కన్నతల్లి ఇంట్లో దొరకనిది అక్కడ దొరుకుతుంది గనుకనే అంత దూరం పోతారు. ఆ తరువాతి కాలంలో డాక్టర్లు దొంగచాటుగా చేయసాగినారు. తమిళనాట నుంచి వచ్చిన లివింగ్ స్మైల్ విద్యగారు తమ ఆత్మకథలో రాసిన ఆపరేషన్ జరిగినది మన కడపలోనే. పూనాలో రైళ్లలో చెయ్యి చాచి కూడబెట్టిన డబ్బుతో అక్కడికి వచ్చినారు. ఆ పుస్తకం ఆధారంగా వచ్చిన కన్నడ చిత్రం "నాను అవనల్ల, అవళు" 2015లో విడుదలైనది. అందులో నటించిన సంచారి విజయ్‌కు ఉత్తమ నటుడిగా జాతీయ బహుమతి వచ్చినది.

తెలుగులో చదవదలచిన వారికి ఎ. రేవతిగారి జీవితకథ ఉన్నది. పి. సత్యవతిగారు "ఒక హిజ్రా ఆత్మకథ" అని అనువదించినారు. దానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద బహుమతి వచ్చినది. ఇటువంటి కథలలో మమ్మల్ని కలచినది ఆపరేషన్ కాదు, జుట్టు. ఏళ్ల తరబడి ఓపికతో పెంచుకున్న జుట్టును ఇంటివాళ్లు పట్టుకుని గొరిగించటం ఈ జీవితాలలో తరచు వినపడే సంగతి. గొరిగినవాళ్లు కూడా ఒకరి ఒంటిని మార్చుతున్నామని అనుకోరు. సరిచేస్తున్నామనుకుంటారు.

సరిచేయాలనే తాపత్రయం ప్రభుత్వాలకూ ఉండేది. 1871లో ఇంగ్లీషువారు నేరస్థ తెగల చట్టం చేసినప్పుడు అందులో ఒక భాగం హిజ్రాల మీద పెట్టినారు. పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి, నలుగురిలో ఆడదుస్తులు వేసుకుంటే శిక్ష. నిజాం రాజ్యంలో కూడా 1329 ఫసలీలో, అంటే 1919లో, ఇదే తీరున ఒక చట్టం వచ్చినది. చీర కట్టుకుని నగలు పెట్టుకుని వీధిలో పాడినా ఆడినా వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. రాజ్యం పోయినది, నిజాం పోయినారు, రాష్ట్రాలు రెండు సార్లు మారినవి. ఆ చట్టం మాత్రం పుస్తకాలలో అలాగే పడి ఉన్నది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. నూరేళ్ల పైచిలుకు ఒక మనిషి గాజులు వేసుకోవటం పోలీసుల పని అయి ఉన్నదన్న మాట.

ఇక పచ్చబొట్టు సంగతి. ఆ సోదరికి ఆపరేషన్ కంటే ముందు ఇదే కంటగింపుగా ఉన్నట్లున్నది. ఇటువంటి గుర్తులు వేడుక కోసమే అనుకోరాదు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రపు బఫలో పట్టణంలో, 1950ల నాటి సంగతి ఒకటి చరిత్రకారులు రాసి పెట్టినారు. స్త్రీలను ప్రేమించే స్త్రీలు, ఫ్యాక్టరీలలో పనిచేసుకునే సామాన్యులు, కొందరు మణికట్టు మీద చిన్న నీలి నక్షత్రం పొడిపించుకున్నారు. పగలు పనిలో గడియారం పట్టీ దానిని కప్పేది. సాయంత్రం తమవారి మధ్య గడియారం తీస్తే కనపడేది. నోరు విప్పి చెప్పలేని కాలంలో చర్మం మీద రాసుకున్న మాట అది. మన దేశంలో కూడా 2018 సెప్టెంబరు 6న సుప్రీం కోర్టు తీర్పు వచ్చేదాకా వయస్సు వచ్చిన ఇద్దరు పురుషుల ప్రేమ నేరమే. చెవిపోగో, కత్తిరించిన జుట్టో, వేలి గోటి రంగో, పక్కవాడికి అర్థం కానిది, తమవాడికి మాత్రం అర్థమయ్యేది ఏదో ఒకటి ఒంటి మీద ఉంచుకోవటం వారికి ఊపిరి పీల్చుకోవటం వంటిది. మన అవ్వ పెనిమిటి పేరు చేతి మీద రాయించుకున్నది ఊరికి చెప్పటానికి. వీళ్లు రాయించుకునేది ముందు తమకు తాము చెప్పుకోవటానికి.

ఆడపిల్లగా పుట్టి మగవాడినని తెలుసుకున్న వారిని గురించి మన వాళ్లు మాట్లాడనే మాట్లాడరు. తమిళంలో వారిని తిరునంబి అంటున్నారు. హిజ్రాలకు ఉన్నట్లు వీరికి గురువుల ఇళ్లు లేవు. పెళ్లిచూపుల భయం ఒకటి అదనం. రొమ్ములు కనపడకుండా గుడ్డతోనో సాగే పట్టీతోనో బిగించి కట్టుకుని ఉద్యోగాలకు పోతారు. ఇంట్లో అడిగే దిక్కు లేక దెబ్బలకు కట్టే పట్టీలను వాడుతారు. అవి ఊపిరి ఆడనీయవు, పక్కటెముకలను నొక్కుతవి. కొలతకు కుట్టిన లోచొక్కాలు ఉన్నవి. అవి కూడా రోజుకు ఎనిమిది గంటలు మించకుండా, నిద్రలో తీసివేసి వాడుకోవాలని తెలిసినవారు చెబుతారు. మీ ఇంట్లో పిల్ల ఎండాకాలంలో కూడా రెండు చొక్కాలు తొడుక్కుని వంగి నడుస్తుంటే "గూని వస్తుంది" అని కసరకుండా ఒక్క మాట మెల్లగా అడగండి.

వైద్యం విషయం కొంచెం సూటిగా చెప్పవలసి ఉన్నది, మొహమాటపడితే ప్రాణాల మీదికి వస్తుంది. ఆడ హార్మోనులు తీసుకున్నవారికి మూడు నుంచి ఆరు నెలల్లో మార్పు మొదలై, రెండు మూడేళ్ల దాకా సాగుతుంది. గొంతు మాత్రం మారదు. మగ హార్మోను తీసుకుంటే గొంతు బొంగురుపోతుంది, గడ్డం వస్తుంది. మందు మానినా ఆ గొంతు మళ్లీ వెనుకటిలాగా కాదు. సంతానం కలిగే శక్తి తగ్గవచ్చు, పోవచ్చు. ఆ మాట డాక్టరుతో మందు మొదలుపెట్టక ముందే మాట్లాడుకోవాలి. డాక్టరు దగ్గరికి పోవటానికి సిగ్గుపడి, మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు కొని గుప్పెళ్లతో మింగేవారు ఉన్నారు. దానివల్ల రక్తం గడ్డకట్టి ప్రాణాపాయం కలగవచ్చు, సిగరెట్టు తాగేవారికి మరీ ప్రమాదం. ఎవరో పోసిన సిలికాన్ ద్రవాన్ని ఒంట్లోకి ఎక్కించుకోవటం అంతకంటే ప్రమాదం. ఈ అపాయాలు ఆ కోరికలో లేవు, చాటుగా చేయటంలో ఉన్నవి. ఆ సోదరి బిడ్డ "డాక్టరు పర్యవేక్షణలో" అన్నది విని మేము నిజానికి కాస్త ఊరట పొందినాము.

ఇది మానసిక వ్యాధి గదా, వైద్యం చేయించి మాన్పరాదా అని ఉత్తరంలో ఒక వాక్యం ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుంచి అమలుకు తెచ్చిన వ్యాధుల పట్టికలో దీనిని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసివేసినది. 2021లో మద్రాసు హైకోర్టు, ఇటువంటి వారిని "మార్చుతామని" చేసే చికిత్సలను నిషేధించాలన్నది. 2022లో జాతీయ వైద్య కమిషన్ అటువంటి చికిత్సను వైద్యుల వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించినది. కాబట్టి మాన్పుతానని డబ్బు పుచ్చుకునే డాక్టరు కనపడితే ఆయన మీదనే అనుమానపడవలసి ఉంటుంది. తాయెత్తులవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అయితే, ఒళ్లు మార్చుకోవటమే ఘనకార్యమని మేము అనటం లేదు. ఒత్తిడి అటువైపు నుంచి కూడా వస్తుంది. హిజ్రాలలో నిర్వాణం అయినవారికి ఒక మర్యాద, కానివారికి ఒక మెట్టు తక్కువ అన్న పట్టింపు ఉన్నది. నిన్ను నువ్వు కోసుకుంటే గాని నువ్వు అసలైనదానివి కావని చెల్లెలి వంటి దానితో అనటం, కోసుకుంటే మా కొడుకువు కావని తండ్రి అనటం, రెండూ ఒకటే మాట. రెంటిలోనూ ఆ ఒంటి మీద పెత్తనం ఇతరులది.

ప్రభుత్వం కూడా ఈ చిక్కులో పడినది. 2014 ఏప్రిల్ 15న సుప్రీం కోర్టులో జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ సిక్రీ ఇచ్చిన తీర్పులో, మనిషి తాను ఎవరన్నది తానే చెప్పుకోవచ్చునని, అందుకు ఆపరేషన్ చేయించుకుని తీరాలనటం చెల్లదని స్పష్టంగా ఉన్నది. ఐదేళ్ల తరువాత వచ్చిన 2019 చట్టంలో మాత్రం ఒక మెలిక పెట్టినారు. ట్రాన్స్‌జెండర్ అని కలెక్టరు సర్టిఫికెట్టు ఇవ్వటానికి ఆపరేషన్ అక్కరలేదు, స్త్రీ అనో పురుషుడనో మార్చి రాయాలంటే శస్త్రచికిత్స అయినట్లు ఆసుపత్రి కాగితం కావాలి అని. చేతికి సర్టిఫికెట్టు రావాలంటే కత్తి కిందికి పోవాలన్న మాట! దీనిని చాలామంది తప్పుపట్టినారు, మా అభిప్రాయమూ అదే. చట్టాలు మారుతూ ఉంటవి గనుక, కాగితాల పని పెట్టుకునేవారు ఆ నాటికి అమలులో ఉన్న నిబంధనను న్యాయవాదిని అడిగి తెలుసుకోవటం మంచిది.

ఒంటి మీద ఎవరి మాట చెల్లాలన్నది బాగా తేల్చి చెప్పిన తీర్పు మరొకటి ఉన్నది. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు మదురై బెంచిలో జస్టిస్ స్వామినాథన్ ఇచ్చినది. కేసు తూత్తుకుడిలో ఒక పెళ్లి రిజిస్ట్రేషన్ గురించి. వధువు ట్రాన్స్‌జెండర్ స్త్రీ. హిందూ వివాహ చట్టంలో వధువంటే ఈమె కూడా వధువేనని తేల్చి, న్యాయమూర్తి అక్కడితో ఆగలేదు. ఆడా మగా అని ఇదమిత్థంగా చెప్పలేని అవయవాలతో పుట్టిన పసివారికి, తల్లిదండ్రుల తొందర మీద ఆపరేషన్లు చేసి ఏదో ఒక వైపు తోసివేయటం ఆపాలన్నారు. తల్లిదండ్రుల సమ్మతి బిడ్డ సమ్మతి కాదన్నారు. ఆ ఆగస్టులోనే తమిళనాడు ప్రభుత్వం, ప్రాణాపాయం ఉంటే తప్ప పసివారికి అటువంటి ఆపరేషన్లు చేయరాదని ఉత్తరువు ఇచ్చినది. ఇది చదివిన తరువాతనే ఆ సోదరి ప్రశ్న మాకు తిరగబడి కనపడినది. మాట రాని పసికందును కోసినప్పుడు దేవుడిచ్చిన ఒళ్లు అని ఎవరికీ గుర్తు రాలేదు. ఇరవైరెండేళ్ల మనిషి ఆలోచించి అడిగినప్పుడు మాత్రం దేవుడు గుర్తు వచ్చినాడు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఉత్తరంలో ఆ బెంగ కనపడినది. తమిళనాడు ప్రభుత్వం 2008లో వీరికోసం సంక్షేమ బోర్డు పెట్టి, ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఈ శస్త్రచికిత్సలు చేయించసాగినది. మన దేశంలో ఆ పనికి పూనుకున్న మొదటి రాష్ట్రం అదే. కేంద్రం 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఇవ్వటానికి ఒప్పందం చేసుకున్నది, అందులో ఈ ఆపరేషన్లూ చేరినవి. కాగితం మీది మాట మీ ఊరి ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చినదో లేదో అడిగి వెళ్లాలి. ఏ ఆసుపత్రి అయినా, చేసే సర్జను ఇదివరకు ఇటువంటివి ఎన్ని చేసినారు, తరువాత తేడా వస్తే ఎవరు చూస్తారు అని అడగటానికి మొహమాటపడవద్దు. ఇంటి పెళ్లికి వంటవాడిని కూడా ఇంతకంటే ఎక్కువ ప్రశ్నలు అడుగుతాము.

ఆ అక్కగారికి మా మాట ఒకటే. బిడ్డను ఆపటానికి వెళ్లవద్దు, తొందర పెట్టటానికీ వెళ్లవద్దు. బెంగుళూరుకు వెళ్లి ఒకసారి ఆ డాక్టరును బిడ్డతో పాటు చూడండి. అడగదలచినవి కాగితం మీద రాసుకుని పోండి. బిడ్డ ఏ పేరుతో పిలవమంటే ఆ పేరుతో ఒకటి రెండుసార్లు పిలిచి చూడండి. నాలుక తిరగకపోతే నవ్వుకోండి, ఏడవకండి. ఆపరేషన్ జరిగితే ఆ తరువాత కొన్ని వారాలు మంచం దిగి నీళ్లు తెచ్చుకోలేని స్థితి ఉంటుంది. ఆ వారాలలో గది ఎవరిది, వంట ఎవరిది, రాత్రిళ్లు లేచేది ఎవరు అన్నది ముందే తేలాలి. బావగారు అప్పటికి మెత్తబడతారో లేదో మేము చెప్పలేము. మెత్తబడకపోయినా పిన్నమ్మ ఇల్లు ఉన్నది గదా, బళ్లారిలోనే.

ఈ విషయమై రాయదలచిన పాఠకులు రాయవచ్చు. పేరు వేయవద్దంటే వేయము. తమ ఇంట్లో ఇటువంటి బిడ్డ ఉన్నవారు, తామే అటువంటివారు, రాస్తే మరీ సంతోషం. తిట్టదలచినవారి ఉత్తరాలు కూడా చదువుతాము గాని, వాటికి ఈ పేజీలో చోటు ఇవ్వము. వచ్చే నెల, మామిడికాయ ధరలు చూసి ఊరగాయ ఎంత పెట్టాలో తేల్చుకోలేకపోతున్న ఒక పూనా సోదరి ప్రశ్న ఉన్నది.